సలీం అలీ గబ్బిలం, ఎర్రచందనం: గడి ఒకటే, లెక్కలు వేరు

ఏ జీవికి ఎంత ముప్పుందో చెబుతూ ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్లు తయారుచేసే రెడ్ లిస్టులో ‘ఎన్‌డేంజర్డ్’ అనే గడి ఒకటుంది. అందులో పడమటి కనుమల్లో ఉండే సలీం అలీ పండ్ల గబ్బిలం ఉంది, మన రాయలసీమ కొండల ఎర్రచందనమూ ఉంది. పేపర్లో ఈ వార్త కనబడితే చదివి, ‘అయ్యో, రెండూ అంతరించిపోతున్నాయట’ అనుకుని పేజీ తిప్పేస్తాం. కాస్త ఆగి చూస్తే ఈ రెండూ ఆ గడిలోకి వచ్చిన దారులే వేరు. ఒకదానికి మేలు చేసే ఉపాయం రెండోదాని దగ్గర పనిచేయదు. కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది కూడా.

విజయవాడలో, గుంటూరులో ఉండేవాళ్లకి ఈ గొడవ దేనికంటే, ఏదో ఒక రూపంలో ఈ రెండు సంగతులూ మన గుమ్మం దాకా వస్తూనే ఉంటాయి. ఎర్రచందనం మొక్కలు నాటిన ఫామ్ ప్లాటు కొనుక్కోమని బ్రోషరు పట్టుకొచ్చే ఏజెంటు ఒకవైపు. ఊరి చివర పెద్ద చెట్టుకి గబ్బిలాలు వేలాడుతున్నాయి, కొట్టించేయండి అని పంచాయతీకి అర్జీ పెట్టే పెద్దమనుషులు ఇంకోవైపు. ఇద్దరికీ జవాబు చెప్పాలంటే ముందు ఆ గడి ఏమిటో తెలియాలి.

గీత ఎక్కడ గీస్తారు

ముప్పులో ఉన్న జీవుల్ని ఐయూసీఎన్ మూడు మెట్ల మీద నిలబెడుతుంది. కింద వల్నరబుల్, దానిపైన ఎన్‌డేంజర్డ్, అన్నిటికంటే పైన క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్. ఏ జీవిని ఏ మెట్టు మీద పెట్టాలో తేల్చడానికి ఐదు కొలతలున్నాయి. ఐదింటిలోనూ ఫెయిల్ కానక్కర్లేదు, ఏ ఒక్కదానిలో గీత దాటినా చాలు. తిరకాసంతా ఇక్కడే ఉంది.

మొదటి కొలత వేగం. పదేళ్లలో గానీ, మూడు తరాల్లో గానీ, ఏది పెద్దదైతే ఆ కాలంలో, సంఖ్య సగమో అంతకంటే ఎక్కువో పడిపోతే సాధారణంగా ఎన్‌డేంజర్డ్ అంటారు. 80 శాతం పడిపోతే పై మెట్టుకి వెళ్తుంది. రెండో కొలత చోటు. ఆ జీవి కనబడే మొత్తం ప్రాంతం 5,000 చదరపు కిలోమీటర్లకు తక్కువైనా, అందులో అది నిజంగా నివసించే చోటు 500 చదరపు కిలోమీటర్లకు తక్కువైనా ఎన్‌డేంజర్డ్ గీత దాటినట్టే. కాకపోతే చోటు చిన్నదైతే సరిపోదు. ఉన్న తావులు ఐదుకు మించకుండా ఉండటం, ఆ కాస్తా ఇంకా తరిగిపోతూ ఉండటం లాంటి షరతులు కూడా తోడవ్వాలి. మూడు, నాలుగు కొలతలు తలల లెక్క. ఐదోది గణిత నమూనాలతో అంచనా వేసేది, దాని జోలికి ఇప్పుడు వెళ్లక్కర్లేదు.

సలీం అలీ గబ్బిలం ఈ గడిలోకి వచ్చింది చోటు లెక్కన. ఎర్రచందనం వచ్చింది వేగం లెక్కన. గబ్బిలానికున్న ఇల్లే చిన్నది, అది ఇంకా కుంచించుకుపోతోంది. ఎర్రచందనానికి ఇల్లు బాగానే పెద్దది, ఇంట్లో పెద్దవాళ్లే మిగలడం లేదు.

సొరుగులో 24 ఏళ్లు

1948లో ఆంగస్ హటన్ అనే ఎస్టేటు ప్లాంటరు, తమిళనాడులో అప్పటి మదురై జిల్లాలోని హై వేవీ కొండల్లో ఒక గబ్బిలాన్ని పట్టుకున్నాడు. ఇప్పుడా కొండలు తేని జిల్లాలో ఉన్నాయి, మేఘమలై అంటారు. ఆయనకి ప్రకృతి పరిశీలన అంటే సరదా. ఆ నమూనా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చేరింది. అక్కడ దాన్ని మనకు అన్నిచోట్లా కనిపించే పొట్టిముక్కు పండ్ల గబ్బిలమే అనుకుని, ఆ పేరే చీటీ మీద రాసి దాచిపెట్టారు. 1972లో కిట్టి తోంగ్‌లాంగ్యా అనే థాయ్ శాస్త్రవేత్త ఆ నమూనాను మళ్లీ తీసి చూసి, ఇది కొత్త జాతి, అంతేకాదు కొత్త ప్రజాతి (దగ్గరి జాతులన్నీ చేరే గుంపు) అని తేల్చాడు. పక్షుల పరిశోధనకు జీవితాన్ని ధారపోసిన సలీం అలీ పేరు గబ్బిలానికి పెట్టింది ఆయనే. ప్రపంచంలోకెల్లా చిన్న గబ్బిలానికి ఇప్పుడు ఆ కిట్టి పేరే ఉంది, అది వేరే కథ.

పేరు వచ్చింది కానీ ప్రాణంతో ఉన్న గబ్బిలం ఎవరికీ కనబడలేదు. 1993లో అదే హై వేవీ కొండల్లో మళ్లీ దొరికింది. తర్వాత తమిళనాడులోని కలక్కాడ్–ముండంతురై, కేరళలోని పెరియార్ ప్రాంతాల్లోనూ చూశారు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండే ఎముక ఏడు సెంటీమీటర్లు కూడా ఉండదు. తల మీద నల్లటి గోధుమరంగు వెంట్రుకలు, రెక్కలు లేత గోధుమరంగు, తోక బయటికి కనబడదు. దాని ప్రజాతిలో అది ఒక్కటే జాతి. పొట్టిముక్కు గబ్బిలాల్లో ఒక జాతి పోయినా దాని దాయాదులు మిగులుతారు. ఇది పోతే ఆ వంశమే చెరిగిపోతుంది.

మన చెట్ల మీద పగలంతా తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పెద్ద గబ్బిలాలు ఆరుబయట చెట్ల కొమ్మల మీద ఉంటాయి. చెట్టు కొడితే తిట్టుకుంటూ ఇంకో చెట్టు చూసుకుంటాయి. సలీం అలీ గబ్బిలం కొండ అడవుల్లో గుహల్లో ఉంటుంది. చుట్టూ కాఫీ, యాలకుల తోటలు. రాత్రి బయటికొచ్చి అడవి పళ్లు తిని, తెల్లవారేసరికి గుహకి చేరుతుంది. కొండకి గుహలు ఎన్ని ఉంటాయి? వాటిలో దీనికి నప్పేవి ఎన్ని? గుహ నోటికి అడ్డంగా ఒక వల కట్టినా, లోపల పొగ పెట్టినా, ఆ చుట్టుపక్కల ఉన్న మొత్తం గుంపు ఒక్క పూటలో గల్లంతవుతుంది. ఇది ఊహించి చెబుతున్న భయమేమీ కాదు. ఈ గబ్బిలాల్ని మాంసానికీ, నాటువైద్యానికీ వేటాడతారు. ఉబ్బసానికి గబ్బిలం మాంసం, కీళ్లనొప్పులకి గబ్బిలం కొవ్వు అనే నమ్మకం మన పల్లెల్లో కూడా ఉన్నదే. దాని వల్ల రోగం తగ్గినట్టు రుజువు లేదు. రోగాలు అంటుకునే అవకాశం మాత్రం ఉంది.

గుహ నమ్ముకున్న గబ్బిలం పరిస్థితి ఎంత సున్నితమో తెలియాలంటే ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలోని కోలారు జిల్లా చూడాలి. అక్కడి కోలారు ఆకుముక్కు గబ్బిలం పురుగులు తినేది, పళ్ల జోలికి రాదు. అది మిగిలింది హనుమనహళ్లి దగ్గర ఒకే ఒక్క గుహలో. చుట్టూ గ్రానైటు క్వారీలు. అందుకే అది ఇంకో మెట్టు పైన, క్రిటికల్ గడిలో ఉంది.

పండ్ల గబ్బిలాల్లో తల్లి మామూలుగా ఒక ఈతకు ఒకే పిల్లను కంటుంది. పుట్టిన కొత్తలో దాన్ని మోసుకు తిరుగుతుంది. అందుకని ఏటా పుట్టేవాటి కంటే కాస్త ఎక్కువ చచ్చినా గుంపు కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చట్టం దగ్గరికి వచ్చేసరికి అవసరమవుతుంది.

చేవ ఉన్న చెట్టుకే చావు

ఎర్రచందనానిది పూర్తిగా ఎదురు కథ. దాని గురించి తెలియనివాడు లేడు. విజయవాడ వన్‌టౌన్‌లో ఏ మూలికల కొట్టుకెళ్లి రక్తచందనం అడిగినా చిన్న ముక్క చేతిలో పెడతాడు. సైజుకి మించిన బరువు ఉంటుంది. గ్లాసు నీళ్లలో వేస్తే మునుగుతుంది. తడి సాన మీద నాలుగుసార్లు రుద్దితే ముదురు ఎరుపు గంధం దిగుతుంది, వాసన మాత్రం దాదాపు ఉండదు. మామూలు చందనం ఘుమఘుమలు ఆశించినవాళ్లకి నిరాశే. ఇంట్లో పెద్దవాళ్లుంటే మొహం మీది మచ్చలకో, వాపు మీద పట్టుకో వాడి ఉంటారు. తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు తెచ్చే ఎర్ర చెక్క బొమ్మల జంట కూడా ఈ కర్రే. కొండపల్లి బొమ్మల పొణికి కర్రతో పోల్చి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. పొణికి ఎంత తేలికో ఇది అంత బరువు.

శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండ కొండలు, నల్లమల దక్షిణపు కొస: ఎర్రచందనం సహజంగా పెరిగే చోట్లు ఇవే. పక్కనే తమిళనాడులోకి కాస్త పాకింది, అంతే. ప్రపంచంలో ఇంకెక్కడా అడవి చెట్టుగా లేదు. ఎండకు కాగే రాతి గుట్టలు, పల్చటి మట్టి, తక్కువ వాన. అక్కడ ఈ చెట్టు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మొదట్లో ఉండేదంతా తెల్ల చెక్కే. ఏళ్లు గడిచేకొద్దీ నడిమధ్యన చేవ కట్టడం మొదలవుతుంది. శాంటలిన్ అనే రంగు పదార్థం వల్ల ఆ చేవకి ఆ ఎరుపు. చైనాలో పాతకాలపు రాజసం ఉట్టిపడే ఫర్నిచరుకీ, జపాన్‌లో షామిసెన్ అనే తీగల వాద్యానికీ ఆ చేవే కావాలి. తెల్ల చెక్క ఎవరికీ అక్కర్లేదు.

అందుకే స్మగ్లరు మనిషి అడవిలోకి వెళ్తే కనబడిన చెట్టల్లా కొట్టడు. గొడ్డలితో గాటు పెట్టి, లోపల చేవ ఎంత ఉందో చూసి, లావుగా, నిటారుగా ఉన్నదాన్ని ఎంచుకుంటాడు. అంటే అడవిలో ఎక్కువ కాయ కాసే, మంచి పెరుగుదల ఉన్న తల్లిచెట్లే ముందు పోతాయి. మోడు నుంచి మళ్లీ చిగుళ్లు వస్తాయి, ఎర్రచందనానికి ఆ గుణం బాగా ఉంది. పై నుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. ‘అన్ని చెట్లున్నాయి, ముప్పేమిటి’ అని అడిగేవాళ్లు చూసేది ఈ పచ్చదనాన్నే. చెట్ల సంఖ్య లెక్కపెడితే ఎర్రచందనం బతికే ఉంది. విత్తనమిచ్చే ముదురు చెట్ల సంఖ్య లెక్కపెడితే వేరే సంగతి.

రెడ్ లిస్టులో ఈ చెట్టు కిందికీ పైకీ ఎందుకు ఊగిందో ఇక్కడ అర్థమవుతుంది. 1998లో ఎన్‌డేంజర్డ్ అన్నారు. 2018లో కిందికి దించి, ముప్పు మెట్ల బయట ఉండే ‘నియర్ థ్రెటెన్డ్’ గడిలో పెట్టారు. తర్వాత మళ్లీ లెక్క చూసి, గత మూడు తరాల్లో 50 నుంచి 80 శాతం దాకా తగ్గిందని, తిరిగి ఎన్‌డేంజర్డ్ చేశారు. మధ్యలో అడవి కోలుకుని మళ్లీ పాడైందని దీని అర్థం కాదు. ఇంత నెమ్మదిగా పెరిగే చెట్టుకి మూడు తరాలంటే తాతల కాలం దాటిపోతుంది. అప్పటి లెక్కలు ఎవరి దగ్గర సరిగ్గా ఉన్నాయి? చేతికందిన సమాచారాన్ని బట్టి, దాన్ని లెక్కగట్టే తీరును బట్టి మెట్టు మారుతుంది. గబ్బిలానికి ఈ బాధ తక్కువ. ఏ కొండల్లో ఉందో చూసి గీత గీస్తే విస్తీర్ణం వచ్చేస్తుంది.

ఇక మనుషుల లెక్క. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ సిబ్బంది స్మగ్లర్ల ముఠా చేతిలో హతమయ్యారు. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో జరిగిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. చెట్లు నరికే కూలికి వచ్చినవాళ్లని పత్రికలు రాశాయి, ఎన్‌కౌంటరు అని పోలీసులు అన్నారు, దాని మీద కోర్టుల దాకా వెళ్లారు. దుంగ విలువలో ఆ కూలికి దక్కేది ఏపాటిదో అందరికీ తెలుసు. అంతర్జాతీయ గిరాకీ ఉన్న చెట్టుని కాపలాతో మాత్రమే కాపాడాలంటే తుపాకులు తప్పడం లేదు, తుపాకులున్నా నరకడం ఆగడం లేదు. గబ్బిలం కోసం ఇంతవరకు ఎవరూ ఎవరినీ కాల్చలేదు. దానికి విదేశీ ధర లేదు కాబట్టి స్మగ్లర్లూ లేరు, కాపలావాళ్లూ పెద్దగా లేరు.

వీటికి ఒకదానితో ఒకటి పనుందా?

గబ్బిలం, పూలచెట్టు అనగానే ‘గబ్బిలాలు పోతే చెట్లూ పోతాయి’ అనే మాట ఎవరో ఒకరు అంటారు. వినడానికి బాగుంటుంది. ఈ జంట విషయంలో మాత్రం అది చెల్లదు. సలీం అలీ గబ్బిలం ఉండేది తడి కొండ అడవుల్లో, ఎర్రచందనం ఉండేది ఎండు కొండల్లో. రెండూ ఎదురుపడే అవకాశమే లేదు. ఒకవేళ రాయలసీమలో ఇంకో పండ్ల గబ్బిలం ఎదురుపడినా దానికి ఎర్రచందనంతో పనిలేదు.

వేసవిలో ఎర్రచందనం పసుపుపచ్చ పూలతో నిండుతుంది. ఆ పూలకు పరాగసంపర్కం చేసేది తేనెటీగలని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. పూత విరగబూసినా కాయ కట్టేది కొద్దిగానే. కాయ కూడా జంతువులు తినే రకం కాదు. రూపాయి బిళ్ల చుట్టూ పల్చటి కాగితం అంచు కుట్టినట్టుంటుంది, గాలికి ఎగిరి పడుతుంది. లోపలి గింజకు గట్టి పెంకు, మొలకెత్తే శాతం తక్కువ. కాబట్టి శేషాచలంలో తేనెపట్లకు పొగపెట్టి పిండుకోవడం, వేసవి మంటలు ఈ చెట్టు భవిష్యత్తుకి గబ్బిలాల కంటే ఎక్కువ సంబంధం ఉన్న విషయాలు.

అలాగని గబ్బిలాలకు చెట్లతో పనిలేదనుకోకూడదు. వాటి చెట్లు వేరు. ఇప్ప, తెల్లబూరుగు లాంటి చెట్లవి రాత్రిపూట విచ్చుకునే పూలు, గాఢమైన వాసన, పుష్కలంగా తేనె లేదా గుజ్జు. ఇవన్నీ గబ్బిలాల కోసం పరిచిన విస్తళ్లే. రావి, మర్రి, మేడి గింజల్ని మోసుకెళ్లేదీ ఇవే. పెద్ద గబ్బిలం పండు తినే పద్ధతి గమనించండి. నోట్లో నలిపి, నాలుకతో అంగిట్లోకి నొక్కి రసం పీల్చి, పిప్పిని ఉమ్మేస్తుంది. తెల్లారి నాటు బాదం చెట్టు కింద చూస్తే నమిలి పడేసిన పిప్పి, గాట్లు పడ్డ కాయలు కనబడతాయి. మింగిన సన్న గింజలు అరగంట అటూ ఇటూగా రెట్టలో వచ్చేస్తాయి. ఆలోగా అది కిలోమీటర్లు ఎగిరిపోయి ఉంటుంది. పాత గోడల మీద, గుడి గోపురాల మీద రావి మొక్క మొలిచిందంటే పక్షులతో పాటు ఈ గబ్బిలాల్నీ అనుమానించాలి.

ఎలుకల సరసన

ఇప్పుడు చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చాలాకాలం ఒక వింత నడిచింది. సలీం అలీ గబ్బిలం మొదటి షెడ్యూల్లో, అంటే పులి సరసన. మిగిలిన పండ్ల గబ్బిలాలన్నీ ఐదో షెడ్యూల్లో, అంటే కాకులు, ఎలుకల సరసన. ఐదో షెడ్యూలంటే ఎవరైనా చంపొచ్చు, అడిగేవాడు లేడు. ఏడాదికి పదుల కొద్దీ పిల్లల్ని పెట్టే ఎలుకనీ, ఈతకు ఒక్క పిల్లను కనే గబ్బిలాన్నీ ఒకే తాటికి కట్టినవాళ్లకి పళ్లతోట నష్టమొక్కటే కనబడింది. పైగా చీకట్లో ఎగిరే గబ్బిలం మొదటి షెడ్యూలుదో ఐదో షెడ్యూలుదో వేటగాడికి ఎలా తెలుస్తుంది? మ్యూజియంలోనే 24 ఏళ్లు గుర్తుపట్టలేకపోయారు.

2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చంపదగిన జీవుల షెడ్యూలు పోయింది. మన ఊళ్ల చెట్ల మీద ఉండే పెద్ద గబ్బిలం రెండో షెడ్యూల్లో చేరి రక్షణ పొందింది. ఇది చాలామందికి ఇంకా తెలియదు. పంచాయతీ తీర్మానం చేసి గబ్బిలాల్ని తరిమేద్దామనుకునేవాళ్లకి అసలే తెలియదు.

ఎర్రచందనం చట్టం ఇంకో లోకం. 1995లో అది అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరింది. నరకడం, రవాణా మీద రాష్ట్ర అటవీ చట్టంలో శిక్షలు పెంచుతూ వచ్చారు. తిరుపతి కేంద్రంగా ప్రత్యేక టాస్క్‌ఫోర్సు పనిచేస్తోంది. పట్టుబడ్డ దుంగలు వేల టన్నుల లెక్కన గోదాముల్లో పేరుకుపోతే ప్రభుత్వమే ఈ-వేలంలో అమ్ముకుంది. ఇందులో ఉన్న చిక్కు చూడండి: దొంగ సరుకు పట్టుకుని, చివరికి దాన్ని అదే బజారుకి పంపడం. ఖజానాకి డబ్బొచ్చింది, విదేశీ గిరాకీ కూడా చల్లారకుండా నిలిచింది. నా మటుకు నాకు ఇది మింగుడుపడని వ్యవహారం. కానీ కుళ్లబెట్టమని కూడా చెప్పలేను.

ఫామ్ ప్లాటు ఏం చేస్తుంది, ఏం చేయదు

‘అడవిలో కొట్టకుండా పొలంలో పెంచితే సరిపోదా?’ ఈ ప్రశ్న ఎర్రచందనం విషయంలో అడగొచ్చు. గబ్బిలం విషయంలో అడగనే కూడదు. గబ్బిలాన్ని నర్సరీలో పెంచలేం, గింజ దాచినట్టు దాచలేం. దాన్ని కాపాడటమంటే ఆ గుహ నోరు కాపాడటం, కాఫీ తోటల్లో నీడకోసం ఉంచిన పాత పళ్లచెట్లను పడగొట్టకుండా ఉంచడం. ఖర్చు తక్కువ, హడావుడి తక్కువ. పేపర్లో ఫొటో పడదు కాబట్టి చేసేవాళ్లూ తక్కువ.

ఎర్రచందనాన్ని మాత్రం పెంచొచ్చు. పొలంలో పెంచిన కర్రను ఎగుమతి చేయడానికి 2019లో కేంద్రం విధానం సడలించింది. 2004 నుంచి సైటిస్ వాళ్లు మన ఎర్రచందనం వ్యాపారాన్ని ప్రత్యేక సమీక్షలో పెట్టారు, 2023లో ఆ సమీక్ష నుంచి తప్పించారు. రైతుకిది మంచి వార్తే. పదేళ్ల కిందట నాటి, ఎవరికి అమ్ముకోవాలో తెలియక తలపట్టుకున్నవాళ్లున్నారు.

అయితే రెండు మాటలు. రెడ్ లిస్టు లెక్కలో చూసేది అడవిలోని సహజమైన చెట్లనే. గుంటూరు జిల్లా మొత్తం ఎర్రచందనం నాటినా ఆ చెట్టు ఒక్క మెట్టు కూడా దిగదు. రెండోది, కోసిన దుంగ తను ఎక్కడ పుట్టిందో చెప్పదు. పొలం కర్రకి చట్టబద్ధమైన దారి తెరిచినప్పుడు అడవి కర్ర కూడా అదే దారిలో దూరకుండా చూడాలంటే నాటినప్పటి నుంచి చెట్టు చెట్టుకీ లెక్క ఉండాలి. రైతులకు అమ్ముకునే హక్కు ఇవ్వాలనే నేనూ అంటాను. దానికి అడవి సంరక్షణ అని పేరు పెడితే మాత్రం ఒప్పుకోను.

ఇక ప్లాటు అమ్మే ఏజెంటు. పదిహేనేళ్లు తిరిగేసరికి లక్షలు కోట్లవుతాయన్నట్టు చెబుతాడు. అతన్ని అడగాల్సినవి నేల గురించి. ఎర్రచందనానికి నీరు నిలిచే నేల పడదు, రాళ్ల నేల, నీరు జారిపోయే నేల కావాలి. మన వైపు నల్లరేగడి వానాకాలంలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మొక్క ఏపుగా పెరగడం వేరు, చేవ కట్టడం వేరు. కొనేవాడు తూచేది చేవని. పాతిక, ముప్పై ఏళ్లయినా పట్టే పని ఇది. కోయడానికి, లారీ ఎక్కించడానికి అటవీశాఖ అనుమతులు కావాలి. ఆ పేజీ బ్రోషర్లో ఉండదు.

చెట్టు కొట్టించే ముందు

ఊళ్లో గబ్బిలాల చెట్టు గొడవ ఎక్కువగా రెండు కారణాలతో వస్తుంది. ఒకటి భయం. 2018లో కేరళలో నిపా వైరస్ జబ్బు వచ్చిన దగ్గర్నుంచి ఆ భయం పెరిగింది. ఆ వైరస్ పెద్ద గబ్బిలాల్లో ఉంటుందన్నది నిజం. చెట్టు కింద నడిస్తే అంటుకుంటుందన్నది నిజం కాదు. బంగ్లాదేశ్‌లో అది మనుషులకి సోకిన ముఖ్యమైన దారి పచ్చి ఖర్జూర రసం. రాత్రి కుండ దగ్గరికి గబ్బిలాలు చేరి నాకడం, మూత్రం పడటం వల్ల. అక్కడ వెదురు తడికలు కట్టి కుండను కప్పడం మొదలుపెట్టారు. మన దగ్గర తాటి, ఈత చెట్లకు కట్టే లొట్టెలకూ అదే జాగ్రత్త వర్తిస్తుంది: మూతి కప్పాలి. గబ్బిలం కొరికిన పండు తినకూడదు. గుంపును బెదరగొట్టి చెదరగొడితే మాత్రం, అవి ఒక్క చెట్టు మీద కుదురుగా ఉండకుండా నాలుగు ఊళ్ల చెట్ల మీద పడతాయి.

రెండోది తోటల నష్టం. సపోటా, జామ, మామిడి రైతుకి ఇది ఉత్తి మాట కాదు, నిజంగానే పోతుంది. చంపితే తగ్గుతుందా అన్నదానికి మారిషస్ జవాబు చెప్పింది. అక్కడి ప్రభుత్వం 2015, 2016 సంవత్సరాల్లో లిచీ, మామిడి తోటల కోసం తమ దీవి పండ్ల గబ్బిలాల్ని వేల సంఖ్యలో చంపించింది. పళ్ల దిగుబడి పెరగలేదు. 2018లో ఆ గబ్బిలం వల్నరబుల్ మెట్టు నుంచి ఎన్‌డేంజర్డ్ మెట్టుకి ఎక్కింది. మన పెద్ద గబ్బిలం ఇంకా ‘లీస్ట్ కన్‌సర్న్’, అంటే ముప్పు పెద్దగా లేని గడిలోనే ఉంది.

తోటలో పనిచేసేది వల. చెట్టు మీద వదులుగా పరిస్తే గబ్బిలాలూ, పక్షులూ, పాములూ చిక్కుకుని చస్తాయి, తీసేవాడి చేతికి కాటు పడే ప్రమాదం కూడా ఉంది. వేలు దూరనంత సన్న కన్నుల వల, గుంజలు పాతి బిగించి కట్టాలి. ఇక ఊరి చెట్టుకి ఎండు కొమ్మలు తీయించాల్సి వస్తే నెల చూసుకోవాలి. పెద్ద గబ్బిలాలు ఎక్కువగా ఫిబ్రవరి–మే మధ్య ఈనుతాయి, అప్పుడు ప్రతి తల్లి పొట్టకీ ఒక పిల్ల వేలాడుతూ ఉంటుంది. వానాకాలం ముగిశాక చేయించుకోవచ్చు, అదీ ముందుగా అటవీశాఖ రేంజ్ ఆఫీసులో చెప్పి, కాగితం తీసుకుని.